పింజారి అనే మాట



ఈ దినము ఒక గాయకుని గూర్చి ధ్యానింతము. గుంటూరు జిల్లా పొన్నెకల్లు గ్రామములో 1920వ సంవత్సరమున ఒక బీద దూదేకుల కుటుంబములో షేక్ నాజర్ గారు పుట్టారు. ప్రత్తి పండే మన నల్లరేగడి నేలలో దూది ఏకి, పరుపులు కుట్టి బ్రతికినవారు దూదేకులవారు. వారి కష్టము మీద మనము సుఖముగా నిద్రపోయాము. అయినా వారి పేరునే తిట్టుగా మార్చుకున్నాము. ఎవరినైనా తక్కువ చేయాలంటే "పింజారి" అంటాము. అవునా, కాదా?

ఆ నాజర్ గారే బుర్రకథ పితామహుడని పేరు పొందారు. నడుమ తంబుర పట్టిన కథకుడు, ఇరుప్రక్కల గుమ్మెటలు వాయించే ఇద్దరు వంతలు. వారిలో ఒకరు నవ్విస్తారు, ఒకరు దేశకాల సంగతులు చెబుతారు. సరంజామా అంతే! దానితోనే పల్నాటి యుద్ధము చెప్పారు, అల్లూరి సీతారామరాజు కథ చెప్పారు. 1943లో బెంగాలులో కరువు వచ్చి లక్షలాదిమంది మరణించగా, ఆ ఆకలిని కథగా కట్టి మన పల్లెలకు వినిపించారు. 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో కన్నుమూశారు. అంత కీర్తి పొందిన ఆయన జీవిత కథకు ఉన్న పేరేమిటో తెలుసా? "పింజారి". మనము తిట్టుగా వాడిన మాటే ఆ పుస్తకము అట్టమీద తలెత్తుకొని నిలిచింది.

నజరేతు నుండి మంచిదేదైనా రాగలదా అని నతనయేలు సందేహించాడు. ఫిలిప్పు అతనితో వాదించలేదు, వచ్చి చూడమన్నాడు. నతనయేలు వెళ్లి చూచాడు, మనసు మార్చుకున్నాడు. మనము వెళ్లి చూస్తున్నామా, లేక ఊరి పేరు, కులము పేరు వినగానే తీర్పు తీరుస్తున్నామా?

ప్రియులారా, ఒక్క మాట మనిషిని ఎంత లోతుగా కోస్తుందో మన తాతలకు తెలుసు. మన సంఘములలో అనేకులు ఆ గాయముతోనే ప్రభువు నొద్దకు వచ్చారు. తెలిసిన మనమే ఆ మాటను మరొకరి మీదికి విసరవచ్చునా? మిరపకాయ కోతకు వచ్చిన కూలి తల్లిని శనివారము పొలములో ఏమని పిలిచాము? ఆదివారము అదే నోటితో కీర్తన పాడుదుమా? దేవుని స్తుతించు నోటనే, దేవుని పోలికె చొప్పున పుట్టిన మనుష్యుని శపించుట తగదని యాకోబు భక్తుడు హెచ్చరించాడు.

ఈ వారము అట్టి మాట ఒక్కటైనా మీ ఇంటిలో నుండి వెళ్లగొట్టండి. మీ పిల్లల నోట వినబడితే ఊరుకొనక, ప్రేమతో దిద్దండి. మీ వీధికి పని మీద వచ్చినవారిని పేరు అడిగి, ఆ పేరుతోనే పిలవండి. అప్పుడు మన పాట ప్రభువు సన్నిధిని ఇంపుగా ఉండును.

అట్టి కృప దేవుడు మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.