బ్యాటరీ కన్నా ముందు ప్యానెల్

నిరుడు చలికాలంలో, కరెంటు తీగ చేరని ఇండ్లల్లో మన సోలార్ దీపాలు రాత్రి ఎనిమిదింటికే ఆరిపోతుంటే, సంఘంలో అప్పు తీసుకుని రెండో బ్యాటరీ కొన్నాం. దీపాలు మళ్లీ ఆరాయి, కిస్తీలు మిగిలాయి. బిందె పెద్దదైతే చాలదు, బోరులో నీళ్లు రావాలె కదా!

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో జూన్ పగలు 13 గంటలు, డిసెంబరులో 11 గంటలే. పొద్దు దక్షిణానికి వాలి, చెట్ల నీడ పొడుగవుతుంది. అందుకే ముందు ప్యానెల్‌ను దక్షిణానికి తిప్పి, సుమారు 30 డిగ్రీలు వాల్చుదాం. నీడ తప్పిద్దాం, దుమ్ము తుడుద్దాం. అప్పటికీ చాలకపోతే, కంట్రోలర్ ఎంత మోస్తుందో మెకానిక్‌ను అడిగి ప్యానెల్ పెంచుదాం. పూర్తిగా నిండని బ్యాటరీ తొందరగా పాడైతది. పాతదానికి కలిపితే కొత్తదీ పాడైతది.

ఇకపై సోలార్ అప్పు రాసేముందు మీటింగులో ఒక్క మాట అడుగుదాం: “అక్కా, మీ ప్యానెల్ మీద నీడ ఎన్నింటికి పడుతది?”