మూత్రపిండముల వ్యాధియు వెన్నెముక సంరక్షణమును



మన సంఘ వార్షిక మహాసభయందు ఏదేని యొక విషయమునుగూర్చి అరగంటసేపు ఉపన్యసింపుడని కార్యదర్శిగారు నాకు వ్రాసినప్పుడు, విద్యానిధినిగూర్చియో విద్యార్థి వసతిగృహమునుగూర్చియో మాటలాడుదునని వారు తలచియుందురు. ఆ విషయములను నాకంటె బాగుగా చెప్పగలవారు ఈ వేదికమీదనే ఆసీనులైయున్నారు. నేను ముప్పదియేండ్లు వైద్యవృత్తిలో కాలము గడపినవాడను. అందుచేత నాకు తెలిసిన దానినే, అందునను నేను పొరపడి నేర్చుకొన్న దానినే, మీకు విన్నవింపదలచితిని.

మా పెద్దన్నగారు శ్రీకాకుళము జిల్లాలో సోంపేట ప్రాంతమున కొబ్బరితోట సాగుచేయుచుండిరి. ఉద్దానమున పెక్కు ఇండ్లలో జరిగినట్లే వారికిని మూత్రపిండములు చెడినవి. వారమునకు మూడుమారులు డయాలిసిసునకు పోయివచ్చుచుండిరి. ఒకనాడు నాతో, "తమ్ముడూ, నడుము విరిగినట్లున్నదిరా" అనిరి. "బస్సు కుదుపులకు పట్టియుండును అన్నయ్యా, రెండుదినములు పడుకొనుము" అని నేను బదులు చెప్పితిని. కొన్ని నెలలకు మా వదినగారు, "మరిదిగారూ, మీ అన్నగారికి దండెము అందుటలేదు, చూచితిరా?" అనిరి. నేను నవ్వి యూరకుంటిని. పిమ్మట దగ్గు వచ్చినదని రొమ్మునకు ప్రక్కనుండి ఎక్సురే తీయించినప్పుడు, వేరొక వైద్యుడు ఆ పటమును వెలుతురునకు పట్టి, వెన్నుపూసలు రెండు ముందువైపున నలిగి మేకులవలె సన్నగిల్లియుండుట నాకు చూపెను. ఆ పూసలు ఆరునెలల క్రిందటనే విరిగినవి. విరిగినట్లున్నదని రోగి తన నోటితో చెప్పెను. వినవలసినవాడు వినలేదు.

మూత్రపిండముల పని మూత్రమును వడగట్టుట మాత్రమేయని మనలో పెక్కుర భావము. ఎముకలకును వానికిని గల సంబంధము సామాన్యులకే కాదు, శాస్త్రజ్ఞులకు సైతము చాలకాలము పూర్తిగా బోధపడలేదు. ఎండచేత మన చర్మమున పుట్టు డి విటమిను ఉన్నదున్నట్లుగా పనికిరాదు. అది మొదట కాలేయములో ఒక మార్పును, పిదప మూత్రపిండములో మరియొక మార్పును పొందిననేగాని, మనము తిన్న అన్నములోని కాల్షియమును ప్రేగులు చక్కగా గ్రహింపజాలవు. ఆ రెండవ మార్పు మూత్రపిండములోనే జరుగునని కేంబ్రిడ్జియందు ఫ్రేజరు, కోడిచెక్కు అను నిరువురు 1970లో కనుగొనిరి. కావున మూత్రపిండము చెడినవాడు రోజెల్ల ఎండలో నిలిచినను ఆ లోపము పూర్తిగా తీరదు.

రెండవది భాస్వరము. మనము తిను పప్పులోను, పాలలోను, మాంసములోను ఉండు భాస్వరములో మిగులును మూత్రపిండములు బయటికి పంపుచుండును. అవి నీరసించినకొలది అది దేహమున నిలువసాగును. దానిని వెడలగొట్టుటకు ఎముకలలోని కణములే ఒక విధమగు ద్రవ్యమును రక్తములోనికి విడుచును. ఆ ద్రవ్యము డి విటమిను తయారును మఱింత తగ్గించును. రక్తమున కాల్షియము తగ్గగానే కంఠమునందు థైరాయిడు వెనుకనుండు నాలుగు చిన్న గ్రంథులు (పారాథైరాయిడు గ్రంథులని పేరు) మేల్కొని, ఎముకలను కరగించి కాల్షియమును తెచ్చి రక్తమున పోయును. ఇంటి ఖర్చులకై దూలములనమ్మువాని సంసారమువంటిదిది. కొంతకాలము ఇల్లు గడచును, పిదప కప్పు కూలును. రక్తమున పేరుకొను ఆమ్లమును ఎముకను తినివేయును. పోయిన కాల్షియము ఊరకపోక రక్తనాళముల గోడలలో చేరి వానిని గట్టిపరచును. అందుచేతనే లోకమందలి మూత్రపిండవైద్యులు 2006లో దీనిని ఎముకల జబ్బని విడిగా పిలుచుట మాని, ఎముకలను, రక్తమందలి ఖనిజములను, నాళములను కలిపి ఒకే వ్యాధిగా పేర్కొనిరి.

భాస్వరము ప్రసక్తి వచ్చినది గనుక ఒక మాట చెప్పక పోజాలను. రక్తములో భాస్వరమెంత యున్నదో రంగునుబట్టి కొలుచు విధానమును 1925లో ఫిస్కెగారితో కలిసి ప్రకటించినవారు మన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరమున జన్మించి, హార్వర్డు చేరిన తెలుగుబిడ్డ ఆయన. ఆ విధానము చిరకాలము లోకమంతట ప్రయోగశాలలలో వాడుకయందుండెను. నేడు డయాలిసిసు రోగుల రక్తపరీక్ష కాగితములో భాస్వరపు అంకెను చూచినప్పుడెల్ల నాకాయన జ్ఞప్తికి వత్తురు. ఆ అంకెను చదువుకొనక కాగితమును మడచి జేబులో పెట్టుకొను మనవారిని చూచినప్పుడు మాత్రము విచారము కలుగును.

ఇక వెన్నెముక మాట. తక్కిన ఎముకలు విరిగిన మనుష్యుడు కేకవేయును, పదిమంది మోసికొనిపోదురు. వెన్నుపూస అట్లుకాదు. నీళ్లబిందె నెత్తినప్పుడో, దగ్గినప్పుడో, ఒక్కొక్కప్పుడు ఏమియు చేయకయే అది నలిగిపోవును. ఇట్లు విరిగినవానిలో సుమారు మూడింట ఒకవంతు మాత్రమే వైద్యుని దృష్టికి వచ్చును. తక్కినవి నడుమునొప్పి యనియో, వాతమనియో, వయసనియో గడచిపోవును. ఒక పూస విరిగినవానికి ఇంకొకటి విరుగు భయము హెచ్చు, తుంటి విరుగు భయమును హెచ్చు. డయాలిసిసులో నున్నవారికి తుంటియెముక విరుగుట ఇతరులకంటె సుమారు నాలుగురెట్లు అధికమని లెక్కలు తెలుపుచున్నవి. పూసలు కొన్ని కుంగిన మనిషి వంగును, ఊపిరితిత్తులకును కడుపునకును చోటు తగ్గును, రెండుముద్దలకే కడుపు నిండినట్లుండును.

ఎముక సాంద్రతను కొలుచు డెక్సా యంత్రము కలదు. మూత్రపిండరోగులకును, చికిత్స దానిపై నాధారపడునపుడు, ఆ పరీక్ష చేయించుట మేలని 2017లో అంతర్జాతీయ వైద్యసంఘము సూచించెను. కాని అందొక చిక్కు కలదు. వెన్నెముకకు ముందున్న పెద్దధమని గోడలు కాల్షియముచేత గట్టిపడినచో యంత్రము దానినిగూడ ఎముకగా లెక్కించి, లేనిబలమును ఉన్నట్లు చూపును. కావున ప్రక్కనుండి తీసిన సామాన్యపు ఎక్సురేను చులకన చేయరాదు. అంతకంటె చౌకయైనది కొలతబద్ద. యౌవనమున నున్న ఎత్తుకంటె ఒకటిన్నర అంగుళము తగ్గినచో పూసలను పరీక్షింపవలెను. మా వదినగారి దండెము చేసినపని అదియే.

మందుల విషయమున రెండు మూడు మాటలు. నడుమునొప్పికి మందులఅంగడిలో అడిగి కొనుకొను నొప్పిమాత్రలలో పెక్కు మూత్రపిండములను మఱింత చెరచును. తోటపని, కోతపని చేయు మనవారు వీనిని సోడాబిళ్లలవలె మ్రింగుట నేను కన్నులార చూచితిని. రెండవది, ఎముకలు బలహీనమైనవని తమంతతామే కాల్షియము మాత్రలు తినుట. గ్రంథులు మితిమీరి పనిచేయువారికి ఒక చికిత్స, ఎముక మార్పే నిలిచిపోయి నిద్రించువారికి వేరొక చికిత్స. ఒకరి మందు మరియొకరికి విషము. ముసలితనపు ఎముక పలుచనకు సాధారణముగా నిచ్చు కొన్ని మందులు మూత్రపిండముల గుండనే బయటికి పోవును గనుక అవి చెడినవారికి వానిని ఆలోచించి యివ్వవలెను. డెనోసుమాబు అను సూదిమందు అట్లు పోదు గాని, డయాలిసిసు రోగులలో అది రక్తమందలి కాల్షియమును ప్రాణాపాయమగునంతగా తగ్గింపవచ్చునని అమెరికా ప్రభుత్వశాఖవారు 2024 జనవరిలో తీవ్రమైన హెచ్చరిక చేసిరి. దానిని నడుమ మానినచో పూసలు వరుసగా విరుగుటయు కలదు. ఇవి వైద్యులు విచారింపవలసినవి. రోగిబంధువులు అడుగవలసిన ప్రశ్న యొకటే: "అయ్యా, భాస్వరము, కాల్షియము, పారాథైరాయిడు పరీక్షలు చూచి ఈ మందు వ్రాసితిరా?"

ఆహారమున మనవారు పప్పును చూచి భయపడి, సీసాలను చూచి భయపడరు. పప్పుధాన్యములలోని భాస్వరములో సగమునకు తక్కువయే వంటబట్టును. నిలువయుండుటకై పొట్లములలోని తిండ్లకు కలుపు భాస్వరలవణములు ఇంచుమించు పూర్తిగా రక్తమున చేరును. నల్లని శీతలపానీయములలో భాస్వరామ్లము కలదు. మన విందులలో మజ్జిగ పోయి ఆ సీసాలు వచ్చుటనుగూర్చి పెద్దలు ఆలోచింతురుగాక. పలాసవారు నాపై కోపగించరాదు, జీడిపప్పును ఈ రోగులు మితముగానే తినవలెను.

ఉద్దానమునందలి కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మొదలగు మండలములలో ఈ వ్యాధి ఏల ఇంతగా ప్రబలెనో నేటికిని నిర్ధారణ కాలేదు. నీరు, ఎండలో శ్రమ, పురుగుమందులు, ఇట్లెన్నియో అనుమానములు. శ్రీలంకలోను, మధ్య అమెరికా చెరకుతోటలలోను ఇట్టి వ్యాధియే శ్రామికులను పట్టుకొనియున్నది. పలాసలో 2023 డిసెంబరున పరిశోధనకేంద్రమును ఆసుపత్రియు ప్రారంభమైనవి, సంతోషము. నల్లగొండ, ప్రకాశము జిల్లాల బంధువులకు మఱియొక బాధ కలదు. నీటిలోని ఫ్లోరైడుచేత ఎముకలు గట్టివడి పెళుసుబారుట మనదేశమున మొదట 1937లో, నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లానుండి వైద్యపత్రికలో వెల్లడియైనది. ఆ ఫ్లోరైడును బయటికి పంపునవియు మూత్రపిండములే. అవి చెడినవారికి అట్టి నీరు రెట్టింపు హాని.

మా అన్నగారి కథ ముగింపలేదు. పూసలు విరిగిన సంగతి తెలిసి చికిత్స మొదలిడిన పిమ్మట రెండేండ్లు బాగుగనే యుండిరి. ఒక బంధువుల పెండ్లికి పోయి, ఒక సత్రపు స్నానపుగదిలో నునుపురాతిమీద కాలుజారి తుంటి విరుగగొట్టుకొనిరి. పట్టుకొనుటకు గోడకు ఒక కమ్మియైనను లేదు. ఆ సత్రమెవరిదో చెప్పను, కట్టినవారు పుణ్యాత్ములే. నాలుగునెలలకు మా అన్నగారు గతించిరి.

మన సంఘము ఆసుపత్రికి సమీపమున సత్రము కట్ట సంకల్పించినదని నిన్నటి నివేదికలో వింటిని. పోషకులు పాలరాతికిని, ముఖద్వారపు శిల్పమునకును ఉదారముగా విరాళములు ప్రకటించిరి. ఆ జాబితాలో చేతికమ్ములు, గరుకురాయి, కుర్చీవంటి మరుగుదొడ్లు, రోగికి అన్నము వేరుగా వండుటకొక పొయ్యి కానరాలేదు. వానికగు ఖర్చును మా అన్నగారి పేర నేను భరింతునని కోశాధికారిగారికి ఇప్పుడే చీటి వ్రాసియిచ్చితిని. నక్షా మారుటకు మీ సమ్మతి కావలెను. సాయంకాలపు తీర్మానములలో దీనిని చేర్చుడని ప్రార్థించుచున్నాను.

భోజనశాల వాకిట నొక కొలతకొయ్యను నిలిపించితిని. మా మేనల్లుడు అక్కడ కాగితము పట్టుకొని కూర్చుండును. ఏబదియేండ్లు దాటినవారు, ముఖ్యముగా మూత్రపిండముల జబ్బుగలవారు, చెప్పులు విడిచి నిలువబడి ఎత్తు వ్రాయించుకొని భోజనమునకు పొండు.