విస్తరి ముందు సందేహం

గత వేసవి సెలవులలో మా చెల్లెలి కుమారుడు మా ఇంటికి వచ్చి పది దినాలు ఉన్నాడు. వయస్సు పదహారు దాటింది. కాలేజీలో చదువుతూ వసతిగృహంలో ఉంటున్నాడు. మా వంశంలోవలెనే అతని తండ్రిగారి వంశంలో కూడా తరతరాలుగా శాకాహారమే. ఒకనాటి రాత్రి భోజనాలు ముగిసి, ఇంట్లో అందరూ నిద్రించిన తరువాత, డాబామీద నా ప్రక్కన కూర్చుండి, "మామయ్యా! మనం మాంసం ఎందుకు తినకూడదు?" అని అడిగినాడు.

జీవహింస పాపమని చెప్పబోయి ఆగినాను. ఆ సమాధానం అతడు చిన్ననాటినుంచి వింటున్నదే. "ముందు నీకీ సందేహం ఎట్లా కలిగిందో చెప్పు, నాయనా!" అన్నాను.

అతడు మూడు సంగతులు చెప్పినాడు. మొదటిది: కబడ్డీ ఆటలో తాను త్వరగా అలసిపోతున్నాడట. పప్పు, పెరుగు తినేవాడికి బలమెక్కడిదని తోటివారు పరిహసిస్తున్నారట. రెండవది: అతని ప్రాణమిత్రుడు మాంసాహారుల ఇంటి బిడ్డ. ఒకసారి అతడు తమ ఇంటికి వచ్చినప్పుడు బామ్మ మంచినీళ్లు వేరే గ్లాసుతో ఇప్పించిందట. ఆ గ్లాసును చూసి మిత్రుడు ఏమీ అనలేదు కాని, తాను సిగ్గుతో తల వంచుకొన్నాడట. శాకాహారమంటే ఇదేనా అని అతనికి అనిపించింది. మూడవది చెప్పటానికి చాలాసేపు తటపటాయించినాడు. రెండు నెలలలో నాలుగైదు ఆదివారాలు మిత్రులతో కలిసి కోడికూర తిన్నాడు. తల్లికి చెప్పలేదు. ఇంటికి వెళ్లినప్పుడు ఆమె ఎదుట కూర్చుండి వడ్డిస్తూ ఉంటే ముద్ద గొంతు దిగటంలేదన్నాడు.

ఈ సంగతిని అతని అనుమతితోనే ఇక్కడ చెపుతున్నాను. ఇటువంటి సందేహం అనేక కుటుంబాలలో ఉండి, పైకి రాక, పిల్లల మనస్సులలోనే నలుగుతున్నదని నా నమ్మకం.

ఆ రాత్రి నేనతనికి మరొక బాలుని కథ చెప్పినాను. ఆ బాలుడు రాజకోటలో హైస్కూలు చదివేనాటి మోహనదాసు. వైష్ణవ కుటుంబం. ఇరుగుపొరుగున జైనుల ప్రభావం ప్రబలంగా ఉన్న గుజరాతు దేశం. మాంసమన్న మాటే ఆ ఇంట వినరానిది. కాని ఆ బాలునికి ఒక స్నేహితుడు ఉండేవాడు. అతడు దూరాలు పరుగెత్తగలడు, ఎత్తులు దూకగలడు. మోహనదాసుకు చీకటి అంటే భయం, పాములంటే భయం, దయ్యాలంటే భయం. మాంసం తింటున్నందువల్లనే ఇంగ్లీషువారు మనలను పాలించగలుగుతున్నారని, మనమూ తింటే వారిని గెలువగలమని ఆ స్నేహితుడు బోధించినాడు. జిహ్వచాపల్యంకంటె దేశభక్తి ఆ బాలుణ్ణి ఎక్కువ ప్రేరేపించింది.

ఒకనాడు ఏటి ఒడ్డున ఏకాంత స్థలంలో మేకమాంసం, రొట్టె పెట్టుకొని కూర్చున్నారు. మాంసం తోలువలె గట్టిగా ఉన్నది. వాంతి వచ్చినంత పని అయి, బాలుడు తినలేక లేచినాడు. ఆ రాత్రి నిద్రలో మేకపిల్ల ఒకటి కడుపులో సజీవంగా అరుస్తున్నట్లు తోచి ఉలికిపడినాడట. అయినా ప్రయత్నం మానలేదు. సుమారు ఒక సంవత్సరకాలంలో ఆరేడు పర్యాయాలకు మించకుండా ఈ రహస్యపు విందులు సాగినవి. విందు జరిగిన ప్రతిసారీ ఇంటిదగ్గర తల్లి అన్నానికి పిలిచేది. ఆకలి లేదని, అజీర్ణమని ఏదో ఒక అబద్ధం చెప్పవలసి వచ్చేది.

ఆయన మాంసాన్ని విడిచిపెట్టినది ఎందువల్ల? మాంసం చెడ్డదని తోచి కాదు. అది అవసరమన్న నమ్మకం అప్పటికింకా పోలేదు. తల్లిదండ్రులను మోసగించటం మాంసం తినకపోవటంకంటె హీనమని తోచినది. వారు జీవించి ఉన్నంతకాలం ముట్టను, వారి తరువాత స్వతంత్రుడనై బహిరంగంగానే తింటాను అని నిశ్చయించుకొన్నాడు. ఈ నిశ్చయంలోని నిజాయితీని గమనించండి. ఆ వయస్సులో తనకు లేని నమ్మకాన్ని ఉన్నట్లు నటించలేదు.

1885లో తండ్రి మరణించినాడు. 1888 సెప్టెంబరు 4వ తేదీన గాంధీజీ బొంబాయిలో ఓడ ఎక్కి ఇంగ్లండుకు బయలుదేరినాడు. మద్యమాంసాలను, పరస్త్రీని ముట్టనని బేచర్జీ స్వామి అనే జైన సాధువు ఎదుట తల్లికి మాట ఇచ్చిన తరువాతనే ఆమె పోనిచ్చింది. లండనులో ఆ మాట నిలుపుకొనటం ఆకలితో సమానమైనది. ఉప్పూకారం లేని ఉడికించిన కూరలు సహించేవి కావు. రోజుకు పది, పన్నెండు మైళ్లు నడిచి, చౌక భోజనశాలలో రొట్టెతో కడుపు నింపుకొని, తృప్తి లేకుండానే తిరిగివచ్చేవాడు. ఒక మిత్రుడు బెంథాం గ్రంథం చదివి వినిపించి, చదువురాని తల్లికి ఇచ్చిన మాటకు ఇక్కడ విలువ ఏమిటని వాదించినాడు. ఆ వాదానికి జవాబు తనకు తెలియదని, అయినా మాట మాటేనని గాంధీజీ ఊరకున్నాడు.

ఒకనాడు ఫారింగ్డన్ వీధిలో శాకాహార భోజనశాల ఒకటి కంటబడినది. ద్వారం దగ్గర అద్దాలలో అమ్మకానికి పెట్టిన పుస్తకాలలో హెన్రీ సాల్ట్ శాకాహారాన్ని సమర్థిస్తూ వ్రాసినది ఉన్నది. ఒక షిల్లింగు ఇచ్చి కొన్నాడు. లోపలికి వెళ్లి, ఇంగ్లండు చేరిన తరువాత మొదటిసారిగా కడుపునిండ భోజనం చేసినాడు. ఆ పుస్తకాన్ని మొదటినుంచి చివరివరకు చదివినాడు. తాను బుద్ధిపూర్వకంగా శాకాహారి అయినది ఆనాటినుంచే అని ఆత్మకథలో వ్రాసుకొన్నాడు.

1891లో ఆయన స్వదేశానికి తిరిగివచ్చినాడు. ఆయన ఇంగ్లండులో ఉండగానే తల్లి గతించిందన్న వార్త అప్పుడు తెలిసినది. రాజకోటలో చేసుకొన్న నిశ్చయం ప్రకారం ఇక అడ్డు లేదు. తల్లీ లేదు, తండ్రీ లేడు. కాని తినాలన్న కోరికే మిగలలేదు. తల్లి కోసం పట్టిన నియమం తల్లి పోయిన తరువాత తన సొంత నియమమై నిలిచినది. నేను మా అబ్బాయితో చెప్పదలచినది ఇదే. పెద్దలనుంచి వచ్చిన ఆచారం మనదగ్గర అప్పుగా మాత్రమే ఉంటుంది. సందేహించి, పరీక్షించి, మనస్సు ఒప్పుకొన్ననాడే అది మన సొమ్ము అవుతుంది. కనుక నీ సందేహం తప్పు కాదన్నాను. దానిని దాచిన తీరే నీ భోజనాన్ని చేదు చేసినదన్నాను.

ఇక బలం సంగతి. ఇందులో వేదాంతానికి తావు లేదు, లెక్కలున్నవి. 1918లో కూనూరులో చిన్న పరిశోధనగా ప్రారంభమై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థయే నేటి జాతీయ పోషకాహార సంస్థ. 2020లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం, పదహారు, పద్దెనిమిది ఏండ్ల మధ్యనున్న బాలునికి దినానికి సుమారు 55 గ్రాములు, బాలికకు సుమారు 46 గ్రాములు మాంసకృత్తులు కావలె. నూరు గ్రాముల కందిపప్పులో ఇవి సుమారు 22 గ్రాములు, నూరు గ్రాముల బియ్యంలో ఏడెనిమిది గ్రాములు ఉంటవి. దినానికి 400 గ్రాముల బియ్యం, 75 గ్రాముల పప్పు, 300 మిల్లీలీటర్ల పాలు, పెరుగు తీసుకొనే పిల్లవానికి లెక్క సరిపోతుంది. బియ్యంలో కొరతగా ఉన్న అంశం పప్పులో ఉన్నది, పప్పులో కొరత బియ్యం తీరుస్తుంది. మన పప్పన్నంలో ఈ పొందిక ఉన్నది.

అయితే శాకాహారంలో లోపమే లేదనటం సత్యం కాదు. 1948లో వేరుచేయబడిన బి-12 అనే విటమిను మొక్కలనుంచి లభించదు. శాకాహారికి అది పాలు, పెరుగులవల్లనే రావలె. వాటిని కూడా మానినవారు వైద్యుని సలహాతో మందురూపంలో తీసుకొనవలె. ఆకుకూరలలో, రాగులలో ఇనుము ఉన్నా, మాంసంలోని ఇనుమంత సులభంగా శరీరానికి పట్టదు. భోజనంలో నిమ్మరసం పిండుకొంటే కొంత మేలు. భోజనం కాగానే కాఫీ, టీలు త్రాగటం దానికి అడ్డు. ఎదిగే ఆడపిల్లల విషయంలో తల్లులు ఈ సంగతి ముఖ్యంగా గుర్తుంచుకొనవలె. మా అబ్బాయిని అడిగితే, వసతిగృహంలో పప్పు నచ్చక, పచ్చడి మెతుకులతో సరిపెట్టుకొంటున్నాడని తేలింది. అలసటకు కారణం కోడికూర లేకపోవటం కాదని వేరే చెప్పనక్కరలేదు.

అతడు చెప్పిన రెండవ సంగతి నన్ను ఎక్కువగా బాధించింది. మన తెలుగువారిలో ఎక్కువమంది మాంసాహారులే. పొలం దున్నేవారు, వల వేసేవారు, మనకు ఇళ్లు కట్టేవారు, మన బిడ్డలకు చదువు చెప్పేవారు వారిలో ఉన్నారు. ఆహారాన్ని కులానికి కొలబద్దగా చేసి, వేరే గ్లాసు పెట్టే ఇంటి శాకాహారం అహింస అనిపించుకొనదు. మేకను నొప్పించరాదన్నవాడు మిత్రుణ్ణి నొప్పించవచ్చునా? పల్నాటి బ్రహ్మనాయుని చాపకూడు కథ చెప్పుకొని మురిసిపోయే మనకు ఈ మాట మరొకరు చెప్పవలసిన పని లేదు.

ఈ విషయంలోనూ గాంధీజీ జీవితంలో ఒక ఘట్టం ఉన్నది. దక్షిణాఫ్రికాలో ఉండగా ఆయన ప్రతి ఆదివారం ఒక క్రైస్తవ కుటుంబంలో భోజనానికి వెళ్లేవాడు. ఆ ఇంట ఐదేండ్ల పిల్లవాడున్నాడు. తన పళ్లెంలోని ఆపిల్ పండును పొగడి, ఆ బాలుని పళ్లెంలోని మాంసాన్ని తేలికచేసి మాట్లాడినాడు. పిల్లవాడు కూడా పండునే పొగడసాగినాడు. కొన్నాళ్లకు, పిల్లవాడు మాంసం ముట్టటంలేదని, జబ్బుపడితే ఏమిచేయాలని తల్లి మర్యాదగానే మొరపెట్టుకొన్నది. గాంధీజీ ఆమె బాధను అర్థంచేసుకొని, తాను రావటం మానుకొంటానన్నాడు. వారి స్నేహం మాత్రం చెడలేదు. మన నియమం మన విస్తరివరకే. ఎదుటివాని విస్తరిని పరిహసించే అధికారం దానివల్ల రాదు.

1931 నవంబరు 20వ తేదీన ఆయన లండనులోని శాకాహార సంఘంలో ప్రసంగించినాడు. షిల్లింగు పుస్తకం వ్రాసిన హెన్రీ సాల్ట్, అప్పటికి ఎనభైయేండ్ల వృద్ధుడు, ఆ సభలో ఉన్నాడు. కేవలం ఆరోగ్యంకోసం శాకాహారులైనవారు కాలక్రమంలో జారిపోతారని, నైతికమైన పునాది ఉంటేనే ఆ నియమం నిలుస్తుందని గాంధీజీ అక్కడ చెప్పినాడు. ఆ పునాది ఎవరికి వారు వేసుకొనవలసినది. తండ్రి కుమారునికి ఇల్లు వ్రాసి ఇయ్యగలడు కాని, దీనిని వ్రాసి ఇయ్యలేడు.

కనుక తల్లిదండ్రులకు ఒక మనవి. మీ బిడ్డ ఇటువంటి ప్రశ్న వేసినప్పుడు కోపగించి, "మన ఇంటా వంటా లేదు" అని నోరు మూయించవద్దు. ప్రశ్న ఆగదు, ఇంటి బయటికి పోతుంది. మీరెందుకు తినరో మీకే తెలిసి ఉంటే చెప్పండి. తెలియకపోతే తెలియదని ఒప్పుకొని, బిడ్డతో కలిసి ఆలోచించండి.

మా అబ్బాయి సెలవులు ముగియకముందే ఇంటికి పోయి తల్లితో సంగతంతా చెప్పినాడు. ఆమె ఆ పూట అన్నం ముట్టలేదట. మరునాడు ఉదయం అతనికిష్టమైన గోంగూర పచ్చడి నూరి వడ్డిస్తూ, "నీవు తిన్నందుకు కాదురా, నాతో చెప్పలేకపోయినందుకు ఏడ్చినాను" అన్నదట. ఒక సంవత్సరం మాంసం ముట్టకుండా, ఆలోచించి ఏదో ఒకటి తేల్చుకొంటానని అతడు మాట ఇచ్చినాడు. ఏమి తేల్చుకొంటాడో నాకు తెలియదు. మొన్న వ్రాసిన ఉత్తరంలో మాత్రం, దసరాకు మిత్రుణ్ణి ఇంటికి తీసుకొనివస్తున్నానని, మంచినీళ్లు ఏ గ్లాసుతో ఇయ్యాలో బామ్మతో తానే మాట్లాడినానని వ్రాసినాడు.