ఫ్లట్టరా, రియాక్ట్ నేటివా? ముందు ప్రింటర్ సంగతి చూడండి

"ఫ్లట్టర్ నేర్చుకోవాలా, రియాక్ట్ నేటివ్ నేర్చుకోవాలా?" అని నన్ను ఎవరో ఒకరు అడగని వారం లేదు. ఇవాళ సమాధానం చెప్తాను. కానీ అంతకంటే ముందు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో కిరాణా షాపుల కోసం ఒక బిల్లింగ్ యాప్ చేశాం. ఉన్నది ఇద్దరం. ఆండ్రాయిడ్‌లోనూ, ఐఫోన్‌లోనూ నడవాలి. ఫ్లట్టర్ తీసుకుందామని పట్టుబట్టింది నేనే. స్క్రీన్లన్నీ చకచకా అయిపోయాయి. బ్లూటూత్ థర్మల్ ప్రింటర్‌కి బిల్లు పంపడానికి ఒక ఓపెన్ సోర్స్ ప్లగిన్ దొరికితే, అది పెట్టేశాం.

తర్వాత ఆండ్రాయిడ్ 12 వచ్చింది. దాంట్లో బ్లూటూత్ వాడాలంటే యూజర్‌ని కొత్త పర్మిషన్ అడగాలి. అప్‌డేట్లు కూడా ఆండ్రాయిడ్ 12ని టార్గెట్ చేయాల్సిందేనని 2022లో ప్లే స్టోర్ రూల్ పెట్టింది. మేం టార్గెట్ మార్చి అప్‌డేట్ వదిలాం. మా టెస్ట్ ఫోన్ ఆండ్రాయిడ్ 11, అందుకే దాంట్లో అంతా బాగానే ఉంది. మర్నాడు పొద్దున్నే ఒక షాపాయన ఫోన్: "బాబూ, బిల్లు రావట్లేదు. జనం నిలబడి ఉన్నారు."

ఆ ప్లగిన్ రాసినాయన దాన్ని ఎప్పుడో వదిలేశాడు. సరిచేయాలంటే కోట్లిన్ రావాలి, మా ఇద్దరికీ రాదు. మూడు రోజులు మేం కోట్లిన్‌తో కుస్తీ పట్టాం. ఆ మూడు రోజులూ ఆయన బిల్లులు చేత్తో రాసుకున్నాడు.

ఇది ఫ్లట్టర్ తప్పు కాదు. రియాక్ట్ నేటివ్ తీసుకున్నా ఇదే జరిగేది. నేను అడగాల్సిన ప్రశ్న అడగలేదు, అంతే.

సరే, ఇప్పుడు ఇవి ఎలా పనిచేస్తాయో చూద్దాం. రియాక్ట్ నేటివ్‌ని 2015లో ఫేస్‌బుక్ విడుదల చేసింది. కోడ్ మీరు జావాస్క్రిప్ట్‌లో రాస్తారు, కానీ స్క్రీన్ మీద కనిపించే బటన్ ఫోన్‌ది. గూగుల్ వాళ్ల ఫ్లట్టర్ 1.0 వచ్చింది 2018 డిసెంబర్‌లో. అది ఫోన్ బటన్ వాడదు, ప్రతి బటన్‌నీ తనే గీసుకుంటుంది. అందుకే ఫ్లట్టర్ యాప్ ఏ ఫోన్‌లో చూసినా ఒకేలా ఉంటుంది, యానిమేషన్లు మీ చేతిలో ఉంటాయి. అయితే 2025లో యాపిల్ ఐఓఎస్ 26తో లిక్విడ్ గ్లాస్ డిజైన్ తెచ్చింది. ఫోన్ బటన్లు వాడే యాప్‌ని కొత్త ఎక్స్‌కోడ్‌తో బిల్డ్ చేస్తే ఆ రూపు చాలావరకు దానంతటదే వస్తుంది. ఫ్లట్టర్‌లో రాదు, మళ్లీ గీయాల్సిందే.

మూడోది కోట్లిన్ మల్టీప్లాట్‌ఫామ్. ఇది 2023 నవంబర్‌లో స్టేబుల్ అయింది. జీఎస్టీ లెక్క, డేటాబేస్ లాంటివి ఒక్కసారే రాసి, స్క్రీన్లు మాత్రం రెండు వైపులా విడివిడిగా రాసుకోవచ్చు. పని ఎక్కువే, కానీ ఫోన్ హార్డ్‌వేర్‌కి దగ్గరగా ఉంటారు.

రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దంటారు మన పెద్దవాళ్లు. క్రాస్ ప్లాట్‌ఫామ్ అంటేనే అది. పైగా ఒక్కోసారి మూడో పడవ కూడా వస్తుంది. ఎయిర్‌బీఎన్‌బీ 2018లో రియాక్ట్ నేటివ్‌ని వదిలేస్తూ చెప్పిన కారణాల్లో ఇదొకటి: రెండు ప్లాట్‌ఫామ్‌లకు బదులు మూడు చూసుకోవాల్సి వచ్చింది. అదే రియాక్ట్ నేటివ్‌ని షాపిఫై 2020లో ఏరికోరి ఎంచుకుంది. ఇద్దరిలో ఎవరూ తెలివితక్కువవాళ్లు కాదు. వాళ్ల యాప్‌లు వేరు, వాళ్ల టీమ్‌లు వేరు.

కాబట్టి నా సమాధానం ఇది. ఒక కాగితం తీసుకోండి. మీ యాప్ ఫోన్‌లో వేటిని ముట్టుకుంటుందో రాయండి: కెమెరా, బ్లూటూత్, బ్యాక్‌గ్రౌండ్ లొకేషన్, ఏదైనా సరే. ఒక్కోదాని పక్కన ఏ ప్లగిన్ వాడతారో, దాన్ని ఎవరు చూసుకుంటున్నారో, చివరి అప్‌డేట్ ఎప్పుడో రాయండి. జాబితా చిన్నదైతే ఫ్లట్టర్, రియాక్ట్ నేటివ్‌లలో మీ టీమ్‌కి వచ్చింది తీసుకోండి. జాబితా పెద్దదై, ప్లగిన్లు ఒంటరివాళ్ల చేతుల్లో ఉంటే మాత్రం కోట్లిన్ వైపు చూడండి.

నేర్చుకునేవాళ్లకి ఇంకో మాట. ఏదో ఒకటి పట్టుకోండి, పర్లేదు. కానీ దాంతోపాటు కోట్లిన్‌లో చిన్న ప్లగిన్ ఒక్కటైనా సొంతంగా రాయండి. ఫోన్‌లో బ్యాటరీ ఎంత ఉందో చూపించేది చాలు. అది ముందే వచ్చుంటే మాకు మూడు రోజుల పని మూడు గంటల్లో అయిపోయేది.

ఆ షాపాయన ఇప్పటికీ మా యాపే వాడుతున్నాడు. అప్‌డేట్ నొక్కే ముందు మాత్రం నాకు ఫోన్ చేసి అడుగుతాడు.