ఆడవాళ్ల గుండెనొప్పి గ్యాస్ నొప్పేనా?

(బోధన్‌లో బీడీ కార్మిక స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. నిజామాబాద్, బోధన్‌లలో మీ మధ్య పనిచేస్తున్నదాన్ని. ఈ రోజు మా వదిన సంగతి చెప్తాను.

మా అన్న శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో కార్మికుడు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడ్డాక వదిన చుట్టిన బీడీల మీదే ఇల్లు గడిచింది. మరుసటేడు అన్నకు ఛాతీలో నొప్పి వచ్చింది. ఆ రాత్రే అప్పు చేసి, కారు మాట్లాడి, హైదరాబాద్ తీసుకుపోయాం. రెండేళ్ల తర్వాత వదినకు దవడ గుంజడం, వీపులో నొప్పి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం మొదలయ్యాయి. ఒకచోట గ్యాస్ గోళీలిచ్చారు. ఇంకోచోట ఈసీజీ తీసి బాగుందన్నారు. ఈ వయసులో ఆడవాళ్లకు ఇవన్నీ మామూలేనని పంపించారు. మేమూ నమ్మాం. హక్కుల గురించి మాట్లాడే నేను కూడా నమ్మాను. ఎనిమిది నెలలు పోయాయి.

చివరికి ఒక డాక్టరమ్మ ఓపికగా విని, గుండె రక్తనాళాలకు సీటీ యాంజియోగ్రామ్ రాసింది. ఆ పరీక్ష కోసం వదిన తన కమ్మలు తానే కుదువబెట్టింది. అన్నకు చేసినట్టు ఆమె కోసం ఎవరూ అప్పుకు తిరగలేదు.

తొడలోంచో చేతిలోంచో గుండె దాకా గొట్టం పంపే యాంజియోగ్రామ్ వేరు, ఇది వేరు. చేతి నరానికి సూదితో రంగుమందు ఎక్కిస్తారు. గుండె నెమ్మదిగా కొట్టుకోవడానికి మాత్ర ఇస్తారు. కొన్ని సెకన్లు ఊపిరి బిగబట్టమంటారు. నాళంలో కొవ్వు ఎక్కడ పేరుకుందో, దారి ఎంత ఇరుకైందో బొమ్మలో కనబడుతుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు తీసిన ఈసీజీ బాగున్నా లోపల నాళం ఇరుకై ఉండొచ్చు. వదిన విషయంలో అదే జరిగింది. సమయానికి స్టెంట్ వేశారు. ఇవాళ ఆమె ఈ ముందు వరసలోనే కూర్చుంది.

స్కాట్లాండులో ఛాతీనొప్పితో వచ్చిన 4,146 మందిపై జరిపిన అధ్యయనం ఫలితాలు 2018లో వెలువడ్డాయి. అయిదేళ్లలో గుండెపోటు రావడం లేదా గుండెజబ్బుతో చనిపోవడం మామూలు పద్ధతిలో చూసినవారిలో నూటికి 3.9 ఉంటే, సీటీ కూడా చేసినవారిలో 2.3 మాత్రమే. జబ్బు కంటికి కనబడితే సరైన మందులు మొదలవుతాయి. 2019లో ప్రపంచంలో చనిపోయిన స్త్రీలలో నూటికి 35 మందిని బలిగొన్నవి గుండె, రక్తనాళాల జబ్బులే. అయినా గుండెజబ్బు మగవాళ్లదేనని మనమే అనుకుంటున్నాం.

అలాగని ఈ స్కాన్ అందరికీ అవసరం లేదు. ఇందులో రేడియేషన్ ఉంది. రంగుమందు కిడ్నీ జబ్బున్నవారికి ప్రమాదం కావచ్చు. గర్భిణులైతే ముందే చెప్పాలి. నొప్పీ ఆయాసం లేనివారికి ప్యాకేజీల పేరిట అమ్మితే కొనకండి. పెద్ద నాళాలు బాగున్నాయని స్కాన్ చెప్పినా, సన్నని నాళాల్లో జబ్బు ఉండొచ్చు. అది స్త్రీలలో ఎక్కువ. నొప్పి తగ్గకపోతే మళ్లీ అడగండి. ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి, చెమటలు వస్తే స్కాన్ కోసం ఆగొద్దు. 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి పోవాలి.

మనం అడగవలసినవి మూడు. నొప్పి అని వచ్చిన ప్రతి స్త్రీకి వెంటనే ఈసీజీ తీయాలి. గ్యాస్ అని ఎలా తేల్చారో చెప్పాలి. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ గుండె ఆపరేషన్ల ఖర్చు భరించింది. జబ్బును కనిపెట్టే పరీక్ష కూడా అవసరమైన ప్రతి స్త్రీకి జిల్లాలోనే ఉచితంగా అందాలి.

ఇంకొక మాట ఇంట్లోవాళ్లకు. తంబాకు చాట ఒడిలో పెట్టుకుని రోజంతా వంగి కూర్చునే మనిషి "అలసటగా ఉంది" అంటే, అది ఆమెకు అలవాటేలే అని వదిలేయకండి. వదిన మాట మేం ఎనిమిది నెలలు ఆలస్యంగా విన్నాం. మీరు ఆ తప్పు చేయకండి.