రెడ్ డెడ్ రిడెంప్షన్: రెండోది ఆడాక మొదటిది మళ్ళీ ఎందుకు ఆడాలి?

ఈ వారం విషయం సీక్వెల్స్.

ఏదైనా గేమ్‌కి సీక్వెల్ వచ్చిందంటే మనం అడిగే మొదటి ప్రశ్న ఒకటే కదండీ: "మొదటిదానికంటే బాగుందా?" గ్రాఫిక్స్ ఎంత పెరిగాయి, మ్యాప్ ఎంత పెద్దదైంది, కొత్త తుపాకులు ఏమొచ్చాయి, ఇవన్నీ చూసి మార్కులు వేసేస్తాం. ఈ రోజు నేను ఇంకో ప్రశ్న అడుగుదామనుకుంటున్నాను. రెండోది ఆడేశాక మన మనసులో మొదటిది ఏమవుతుంది? పాతబడిపోతుందా? లేకపోతే అప్పటిదాకా కనిపించనివేవో అందులో కనిపించడం మొదలవుతుందా?

దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ రాక్‌స్టార్ వాళ్ళ రెడ్ డెడ్ రిడెంప్షన్. రెండు గేమ్‌ల ముగింపులూ ఈ ఎపిసోడ్‌లో పూర్తిగా చెప్పేస్తాను. ఇంకా ఆడనివాళ్ళు ఉంటే ఇక్కడ ఆపేసి, ఆడాక వచ్చి చూడండి. ఈ కథలు ముందే తెలిస్తే పోయేది కొంచెం కాదు.

సరే, ముందు లెక్కలు చూద్దాం. మొదటి గేమ్ 2010 మే నెలలో వచ్చింది. కథ జరిగేది 1911లో. రెండోది 2018 అక్టోబర్ 26న వచ్చింది. కానీ దాని కథ 1899లో మొదలవుతుంది. అంటే పేరులో ఉన్న అంకె ప్రకారం రెండోది, కథ ప్రకారం ముందుది. మన సినిమాల్లో ఇంటర్వెల్ అయ్యాక ఫ్లాష్‌బ్యాక్ వస్తుంది చూడండి, అలాగన్నమాట. కాకపోతే ఈ ఇంటర్వెల్ ఎనిమిదేళ్ళు నడిచింది.

ఇంకో తమాషా ఉంది. పీసీలో రెండోది 2019 నవంబర్‌లోనే వచ్చేసింది, మొదటిది మాత్రం 2024 అక్టోబర్ దాకా రాలేదు. అందుకని పీసీ మీదే ఆడేవాళ్ళు చాలామందికి ఈ రెండూ తలకిందుల వరసలో పరిచయమయ్యాయి. ఆ సంగతికి చివర్లో వస్తాను.

మొదటి గేమ్ కథ క్లుప్తంగా చెప్పుకుందాం. జాన్ మార్స్టన్ ఒకప్పుడు దొంగల ముఠాలో ఉండేవాడు. అదంతా వదిలేసి భార్య అబిగైల్‌తో, కొడుకు జాక్‌తో పొలం చేసుకుంటూ బతుకుతున్నాడు. ఎడ్గర్ రాస్ అనే ప్రభుత్వ ఏజెంట్ ఆ ఇద్దరినీ పట్టుకెళ్ళి జాన్ ముందు ఒక షరతు పెడతాడు: నీ పాత ముఠావాళ్ళని, బిల్ విలియమ్సన్, హావియర్ ఎస్కుయెల్లా, నాయకుడు డచ్ వాన్ డెర్ లిండే, ఈ ముగ్గురినీ వేటాడి ఇస్తే నీ కుటుంబాన్ని వదులుతాను. జాన్ చెప్పిన పనంతా చేస్తాడు. ఇంటికొస్తాడు. కొన్నాళ్ళకి అదే రాస్ సైన్యాన్ని వెంటబెట్టుకుని పొలం మీదకి వస్తాడు. పెళ్ళాం బిడ్డలని గుర్రమెక్కించి పంపేసి, జాన్ ఒక్కడే తలుపు తోసుకుని తుపాకుల వరస ముందుకి నడుస్తాడు. కొందరిని కాల్చగలం, అందరినీ కాల్చలేం. ఆ కంట్రోలర్ చేతిలో ఉండి కూడా ఏమీ చేయలేకపోవడం 2010లో ఆడినవాళ్ళకి ఇప్పటికీ గుర్తుంటుంది.

ఇక రెండో గేమ్. ఇందులో మనం ఆడేది జాన్‌గా కాదు, ఆర్థర్ మోర్గన్‌గా. అదే ముఠా, పన్నెండేళ్ళ వెనక్కి. ఆర్థర్ డచ్‌కి కుడిభుజం లాంటివాడు. ముఠా తరఫున ఒక పేదవాడి దగ్గరికి అప్పు వసూలుకి వెళ్ళి, అతన్ని కొట్టి, అక్కడే క్షయ అంటించుకుంటాడు. చావు ఖాయమని తెలిశాక ఆర్థర్‌కి ఒకటే పట్టుదల మిగులుతుంది: జాన్, అబిగైల్, ఆ పసివాడు జాక్, ఈ ముగ్గురైనా ఈ బతుకులోంచి బయటపడాలి. చివరికి కొండ మీద తను ఆగిపోయి జాన్‌ని పంపించేస్తాడు. వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపొమ్మంటాడు.

ఇప్పుడు ఇది మనసులో పెట్టుకుని మొదటి గేమ్ మళ్ళీ మొదలుపెట్టండి. మొట్టమొదట తగిలేది ఒక నిశ్శబ్దం. గేమ్ మొత్తంలో జాన్ ఒక్కసారి కూడా ఆర్థర్ పేరు ఎత్తడు. దీనికి అసలు కారణం మనందరికీ తెలుసు, 2010లో ఆర్థర్ అనే పాత్రే ఆ కథలో లేదు. కానీ రెండోది ఆడి వచ్చినవాడికి ఆ ఖాళీ ఖాళీగా కనిపించదు. తన కోసం ప్రాణం ఇచ్చినవాడి గురించి నోరు విప్పలేని మనిషి కనిపిస్తాడు. జాన్ మొదటి గేమ్‌లోనూ తన గతం గురించి ఎవరైనా అడిగితే ముక్తసరిగా తేల్చేసే రకమే. ఆ ముక్తసరితనం 2010లో కౌబాయ్ హీరోల స్టయిల్ అనిపించేది. ఇప్పుడు దాని వెనక ఒక చావు ఉంది.

రెండోది హావియర్. మొదటి గేమ్‌లో హావియర్ కనిపించేది కాసేపే. మెక్సికోలో ఒక కోటలో అతన్ని పట్టుకుంటాం, కట్టేసి అప్పగించడమో, కాల్చేయడమో మన ఇష్టం. చాలామంది పెద్దగా ఆలోచించకుండా ఏదో ఒకటి చేసేసి ముందుకెళ్ళిపోయి ఉంటారు. రెండో గేమ్ మొదటి అధ్యాయంలోనే మంచులో తోడేళ్ళు చీరేసిన జాన్‌ని వెతకడానికి ఇద్దరు మనుషులు బయల్దేరతారు. ఒకడు ఆర్థర్. రెండోవాడు హావియర్. జాన్ ముఖం మీద గాట్లు ఉంటాయి కదా, 2010లో అవి ఒక మొండివాడి ముఖానికి అలంకారంలా ఉండేవి. ఇప్పుడు ఆ గాట్లు చూసినప్పుడల్లా ఆ రోజు గుర్తొస్తుంది. తనని మంచులోంచి మోసుకొచ్చిన ఇద్దరిలో ఒకడు ఎప్పుడో పోయాడు, మిగిలినవాడిని తనే తాడు పట్టుకుని వేటాడుతున్నాడు. మొదటి గేమ్‌లో ఆ మిషన్ ఒక్క అక్షరం మారలేదు. కానీ ఇప్పుడు ఆ తుపాకి ట్రిగ్గర్ మీద వేలు పెట్టడం అంత తేలిక కాదు.

అసలు దెబ్బ మాత్రం ఇంటి దగ్గర తగులుతుంది. రెండో గేమ్ చివరి భాగంలో, అంటే 1907లో, మనం జాన్‌గా ఆడతాం. బీచర్స్ హోప్ అనే పొలాన్ని బ్యాంకు అప్పుతో కొంటాడు. అంకుల్ అని అందరూ పిలిచే ఆ సోమరి ముసలాయన, చార్ల్స్ స్మిత్, జాన్, ముగ్గురూ కలిసి ఇల్లు కడతారు. రాక్‌స్టార్ వాళ్ళు దాన్ని ఒక చిన్న వీడియోలో చూపించేసి వదిలేయలేదు. మేకులు మనచేతే కొట్టించారు. వెనక పాట నడుస్తుంటుంది, మనం బటన్ నొక్కుతూ దెబ్బ దెబ్బకీ మేకు దించుతుంటాం. ఇల్లు లేస్తుంది, వదిలి వెళ్ళిన అబిగైల్ తిరిగి వస్తుంది.

మొదటి గేమ్‌లో జాన్ చివరి పోరాటం చేసేది ఆ ఇంట్లోనే. 2010లో అది ఆఖరి మిషన్ జరిగే చోటు, అంతే. మేకులు కొట్టిన తర్వాత అది మన ఇల్లు. గోడల్లోకి తూటాలు దిగుతుంటే ఆ తేడా తెలుస్తుంది.

దీనికి ముందు వచ్చే భాగం గురించి కూడా చెప్పాలి. డచ్ చనిపోయాక, సైన్యం రాకముందు, మొదటి గేమ్‌లో కొన్ని మిషన్లు ఉంటాయి. పశువులని తోలడం, గింజల మీద వాలే కాకులని కొట్టడం, ముభావంగా ఉండే కొడుకుని వేటకి తీసుకెళ్ళడం. అంత పెద్ద యుద్ధాల తర్వాత ఇవేంటి అని విసుక్కున్నవాళ్ళు ఉన్నారు. నిదానంగా ఉంటాయి, నిజమే. కానీ రెండోది ఆడి వచ్చి చూడండి. ఆర్థర్ కొండ మీద ఆగిపోయింది ఈ కాకుల కోసమే, ఈ పశువుల కోసమే. ఒక తండ్రి కొడుకుతో కలిసి అడవికి వెళ్ళగలిగే మామూలు రోజు కోసమే. ఎవరో కొనిచ్చిన రోజులు అవి. తెలిశాక వాటిని గబగబా ముగించాలనిపించదు.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే సంగతి ముగింపు. జాన్ చనిపోయిన మూడేళ్ళకి, 1914లో, పెద్దవాడైన జాక్ రాస్‌ని వెతుక్కుంటూ వెళ్తాడు. రిటైరై, మెక్సికోలో నది ఒడ్డున బాతుల వేటలో ఉన్న రాస్ ఎదురుపడతాడు. ద్వంద్వయుద్ధం. రాస్ పడిపోతాడు, టైటిల్ పడుతుంది. అప్పట్లో ఆ క్షణం ఎంత తృప్తిగా ఉండేదో ఆడినవాళ్ళని అడగండి. లెక్క తీరింది, దుర్మార్గుడు పోయాడు.

రెండో గేమ్ ఈ తృప్తిని వదిలిపెట్టదు. 1907లో ఇల్లు కట్టుకుని, భార్య తిరిగొచ్చి, అంతా కుదురుకున్నాక, ఆర్థర్‌కి ద్రోహం చేసిన మైకా బెల్ ఎక్కడున్నాడో జాన్‌కి తెలుస్తుంది. వెళ్ళొద్దని అబిగైల్ బతిమాలుతుంది. జాన్ వెళ్తాడు. మైకా చస్తాడు. తర్వాత టైటిల్స్ పడుతుండగా ఎవరు కనిపిస్తారు? ఎడ్గర్ రాస్. మైకా శవం దగ్గర మొదలుపెట్టి, ఊరూరా విచారించుకుంటూ బీచర్స్ హోప్ దాకా వచ్చేస్తాడు. వెనక్కి చూడొద్దని ఆర్థర్ చెప్పాడు, జాన్ చూశాడు. ఆ ఒక్క పగే రాస్‌కి దారి చూపింది. ఆర్థర్ ఇచ్చిన బతుకుని జాన్ ఆర్థర్ కోసమే పణంగా పెట్టాడన్నమాట.

ఇది తెలిశాక జాక్ తుపాకి తీసే దృశ్యం ఎలా ఉంటుందో ఆలోచించండి. రెండో గేమ్‌లో నాలుగేళ్ళ జాక్‌ని ఆర్థర్ చేపలు పట్టడానికి నది ఒడ్డుకి తీసుకెళ్తాడు. పిల్లాడు గాలం వదిలేసి పువ్వులు ఏరుకుంటుంటాడు. అప్పుడు ఇద్దరు ఏజెంట్లు వస్తారు. వాళ్ళలో ఒకడు రాసే. అక్కడ ఆ నది ఒడ్డు, ఇక్కడ ఈ నది ఒడ్డు. ఈ పిల్లాడు ముఠా బతుకులో పడకూడదనే ఆర్థర్ పోయాడు, జాన్ పోయాడు, అబిగైల్ జీవితమంతా ఆ భయంతోనే గడిపింది. చివరికి ఆ పిల్లాడి చేతిలోనే తుపాకి. ఇది గెలుపా? 2010లో గెలుపులా ఉంది. ఇప్పుడు ముగ్గురి కష్టం ఒక్క తూటాతో వృథా అయినట్టు ఉంది. ట్రిగ్గర్ నొక్కింది కూడా మనమే.

అయితే ఒక సందేహం రావచ్చు. ఇదంతా 2010 నాటి గేమ్‌లో నిజంగా ఉందా, లేక మనం తెచ్చి అంటిస్తున్నామా? నా ఉద్దేశంలో విత్తనం అక్కడే ఉంది. గతం మనిషిని వదలదు, తండ్రి కర్మ కొడుకుని పట్టుకుంటుంది అన్నది మొదటి గేమ్ చెప్పిన మాటే. పైపైన చూసినవాళ్ళకి అది వెస్టర్న్ సినిమా పగ కథలా కనిపించి ఉండొచ్చు. రెండోది వచ్చి ఆ మాటని దాటిపోనివ్వకుండా చేసింది.

అన్ని సీక్వెల్స్‌కీ ఇది సాధ్యం కాదు. ఇక్కడ ఎందుకు కుదిరిందంటే, రాక్‌స్టార్ వాళ్ళు మొదటి గేమ్ సంఘటనల జోలికి వెళ్ళలేదు. చనిపోయినవాడిని బతికించలేదు, "అసలు జరిగింది ఇది కాదు" అనలేదు. చిన్న చిన్న లోపాలని కూడా గౌరవించారు. మొదటి గేమ్‌లో జాన్‌కి ఈత రాదు, లోతు నీళ్ళలోకి దిగితే చచ్చిపోతాడు. రెండో గేమ్‌లో ఆర్థర్ హాయిగా ఈదుతాడు. చివర్లో జాన్ చేతికొచ్చాక చూస్తే అతనికి ఇప్పటికీ ఈత రాదు! పాత గేమ్ పరిమితి కాస్తా ఒక మనిషి లక్షణమైపోయింది. రెండింటిలోనూ జాన్‌కి గొంతు ఇచ్చిన నటుడు కూడా ఒక్కరే, రాబ్ వీథాఫ్. అందుకే ఇద్దరు జాన్‌లు ఉన్నారని అనిపించదు.

మరి ఏ వరసలో ఆడాలి? 1 ఆడి 2కి వచ్చినవాళ్ళకి 2 అంతా ఒక భయం, జాన్ కట్టే ప్రతి గోడా కూలుతుందని ముందే తెలుసు. 2 ఆడి 1కి వచ్చిన మన పీసీ వాళ్ళకి 1 అంతా ఒక దిగులు, ఎవరు లేరో వాళ్ళకి తెలుసు. రెండూ మంచి దారులే. ఎవరికి ఏది దొరికితే అదే. నా సలహా ఒక్కటే: ఏ దారిన వెళ్ళినా, రెండూ అయ్యాక మొదటి గేమ్‌లో ఇంటికొచ్చిన తర్వాతి మిషన్లు ఇంకోసారి ఆడండి. కంట్రోల్స్ పాతవే, బొమ్మ పాతదే. కాకులని కొట్టే మిషన్ దగ్గర మాత్రం తొందరపడకండి.

ఈ వారానికి ఇంతే. వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో గేమ్‌తో కలుద్దాం. అందాకా సెలవు, నమస్కారం.