ఊరి అడవికి హద్దురాయి
(గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



నేడు మీతో అడవిని గురించి ముచ్చటింప వచ్చితిమి. అడవి యనగానే నల్లమలయో, ఆదిలాబాదు కొండలో మనసునకు తోచును. మేము చెప్పబోవునది అంత దూరపు అడవి కాదు. హైదరాబాదునకు తూర్పున దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ దాటిన పిమ్మట, విజయవాడ రహదారి ప్రక్కన, వనస్థలిపురము నంటి నిలిచిన మహావీర్ హరిణ వనస్థలిని గురించి చెప్పెదము.

నగరపు అడవితో పల్లె పంచాయతీకి పనియేమని మీరడుగవచ్చును. పని కలదు. నేడు నగరముగా కనబడు ఆ ప్రాంతమంతయు ఒకనాడు పల్లెలే. సరూర్‌నగర్, కర్మన్‌ఘాట్, సాహెబ్‌నగర్, మన్సూరాబాద్, నాగోలు, హయత్‌నగర్ — ఇవన్నియు పొలములు, చెరువులు, బీళ్ళు గల గ్రామములుగా ఉండెను. దిల్‌సుఖ్‌నగర్ అను పేరు సైతము అచ్చటి పొలముల యజమానియైన దిల్‌సుఖ్ రామ్ పర్షాద్ పేరిట వచ్చినదే. పొలములు ప్లాట్లయ్యెను, ప్లాట్లు కాలనీలయ్యెను. ఎల్.బి.నగర్ పురపాలక సంఘము 2007లో మహానగర పాలక సంస్థలో కలిసెను. 2018లో మెట్రో రైలు అచ్చటి వరకు వచ్చెను. ఇంత మార్పు నడుమ అంత పెద్ద అడవి ఎట్లు మిగిలెను? అదియే మేము చెప్పదలచిన సంగతి.

నిజాము కాలమున అది వేటస్థలము. పాలకుల వేట కొరకే యైనను, దానికొక హద్దు ఏర్పడెను. ఆ పాలన పోయిన పిమ్మట వేటస్థలముగా దానికి పని లేకపోయినను, ప్రభుత్వము దానిని విడువలేదు. జైన తీర్థంకరుడగు మహావీరుని 2500వ నిర్వాణ వత్సరమును స్మరించుచు 1975లో దానిని హరిణ వనస్థలిగా నెలకొల్పెను. 1994లో అది జాతీయ ఉద్యానవనమయ్యెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి జాతీయ ఉద్యానవనమున వేటాడరాదు, పశువులను మేపరాదు. జంతువులను చంపుటకు గీచిన హద్దే నేడు వానిని బ్రతికించుచున్నది. 3,600 ఎకరములకు పైబడిన ఆ భూమికి ధర లేనినాడే హద్దు ఏర్పడినది. ధర పెరిగిన పిమ్మట ఆ పని తలపెట్టియుండినచో ఎంత దక్కెడిదో మీరే ఊహింపుడు.

ఆ హద్దు లోపల నున్నది మహారణ్యము కాదు. మన ఊళ్ళ గుట్టలపై కనబడునట్టి పొదలు, ముళ్ళచెట్లు, గడ్డి మైదానములే. దానిని చూచి ‘ఇది పనికిరాని బీడు’ అనుకొనువారు లేకపోలేదు. కాని కృష్ణజింకకు కావలసినది అట్టి నేలయే. దట్టమైన అడవిలో అది మనజాలదు. దూరమునుండి శత్రువును చూచి పరుగిడుటకు దానికి బయలు కావలెను. నల్లని వీపు, మెలి తిరిగిన కొమ్ములు గల మగజింకలు, లేత గోధుమవన్నె ఆడుజింకలు అచ్చట మందలుగా తిరుగుచున్నవి. తెలంగాణ రాష్ట్ర జంతువైన చుక్కల జింకయు అచ్చట కలదు. నెమళ్ళు, ముళ్ళపందులు, ముంగిసలు కలవు. కావున మన ఊరి గుట్టను, గడ్డి బీడును పనికిరానిదని తలపరాదు.

ఇక నీటి సంగతి. రాలిన ఆకు కుళ్ళి నేలను మెత్తపరచును. వేళ్ళు దానిని గుల్లచేయును. అట్టి నేలపై పడిన వాన కొంత ఇంకి, కొంత మెల్లగా పారును. మట్టి కొట్టుకొనిపోదు, చెరువు పూడదు, బావి త్వరగా ఎండదు. నేలనంతయు సిమెంటుతో కప్పినచో ఏమగునో ఎల్.బి.నగర్ ప్రాంతమే చూచినది. 2020 అక్టోబరు 13న కురిసిన కుంభవృష్టికి సరూర్‌నగర్, ఎల్.బి.నగర్, హయత్‌నగర్ వైపు కాలనీలనేకము నీట మునిగెను. నీరు ఇంకుటకు నేల లేక, పోవుటకు వాగు లేక ఇండ్లలో చొరబడెను. వాగులను, శిఖము భూములను ఆక్రమించుకొన్నచో వచ్చు ఫలితమది.

ఈ లాభములు గ్రామమునకు చెందినవి. ఒక్కొక్క మనిషికి చెందు లాభమును కలదు. ఎండవేళ చెట్టు క్రింద అడుగిడినవానికి దాని విలువ వేరొకరు చెప్పనక్కరలేదు. అడవి అంచున పెరిగిన పిల్లవాడు ఏ పిట్ట ఏ ఋతువున వచ్చునో, ఏ ఆకు ఏ నొప్పికి పనికివచ్చునో పెద్దలను చూచి నేర్చుకొనును. తంగేడు పూయు తావు లేనినాడు బతుకమ్మకు పూవు అంగడిలో కొనవలసినదే. ఆ తావు పోయినచో ఆ పిల్లవాని విద్యయు పోవును.

హద్దు గీచిన మాత్రమున పని ముగియదు. చుట్టును ఊరు పెరిగినపుడు అడవి దీవి వంటిదగును. అందలి జంతువులకు వెలుపలికి దారి యుండదు. కుక్కలు, చెత్త, ప్లాస్టిక్కు, వేసవి నిప్పు దానిని అంచునుండి తినివేయును. ఈ బెడద మీ ఊరి గుట్టకును తప్పదు.

కావున పంచాయతీలు ఇప్పుడే చేయదగిన పనులు కొన్ని కలవు. మొదటిది, మీ ఊరి గుట్టలు, బంచరాయి, చెరువు శిఖము భూములు రికార్డులలో ఎంత యున్నవో, నేలపై ఎంత యున్నవో సరిచూచి, సర్వే చేయించి హద్దురాళ్ళు పాతించుట. దీనిని గ్రామసభలో తీర్మానించి ఊరివారందరికి తెలుపవలెను. రెండవది, మాఘ ఫాల్గుణములలోనే ఎండుటాకులు ఊడ్చి అడవి అంచున ఖాళీ బాట చేయుట. దానివలన నిప్పు ప్రాకదు. మూడవది, మేతను పూర్తిగా మాన్పక, గుట్టను భాగములు చేసి వంతులవారీగా మేపుట. గొల్లకురుమలతో కూర్చుండి మాట్లాడినచో ఇది సాధ్యమే. నాలుగవది, వేప, కానుగ, చింత, రావి, మేడి వంటి మన చెట్లనే నాటుట. నాటిన మొక్కలలో నూటికి 85 బ్రతికింపవలెనని 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము మీపై బాధ్యత నుంచినది. ఐదవది, 2002 నాటి జీవవైవిధ్య చట్టము ననుసరించి ఏర్పడు గ్రామ కమిటీని పని చేయించి, ఊరి చెట్టు, పిట్ట, మూలికల వివరములు పెద్దలనడిగి వ్రాయించుట.

రేపు మీ ఊరి ప్రక్కన కూడ రహదారి రావచ్చును. ఎకరము ధర పదింతలు కావచ్చును. బీడు భూమిని ప్లాట్లు చేసినచో పంచాయతీకి ఆదాయము వచ్చునని ఎవరో నచ్చచెప్పవచ్చును. ఆ ఆదాయము ఒక్కమారు వచ్చునది. గుట్ట ఇచ్చు నీరు, మేత, నీడ ఏటేట వచ్చునవి. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుటకంటె ముందే మేలుకొనుట మంచిది. ఈ నెల గ్రామసభ కార్యక్రమములో ‘ఊరి అడవి హద్దులు’ అను అంశమును మొదటనే చేర్పుడని మిమ్ము కోరుచున్నాము.